లైప్‌జిగ్‌లో పురుడు

నవంబరులో అమ్మాయికి పురుడు పోయడానికి జర్మనీలోని లైప్‌జిగ్ వెళ్లాను. రాజమండ్రి వదిలి నెల రోజులు ఎక్కడా ఉన్నదాన్ని కాదు. పెట్టె నిండా శొంఠి, వాము, నలుగుపిండి, పొత్తిగుడ్డలకని మెత్తబడ్డ పాత నేతచీరలు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి, రైల్లో ఇంకో మూడు గంటలు. వీసా 90 రోజులకే.

సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోయేది. ఆదివారం కొట్లు తియ్యరు, పాలు అయిపోతే రైల్వే స్టేషన్‌కి పరుగెత్తాలి. నీళ్ల సీసా కొంటే 25 సెంట్లు అదనంగా కట్టించుకుంటారు, ఖాళీ సీసా మెషిన్‌లో వేస్తే చీటీ ఇస్తుంది, దాంతో డబ్బు వెనక్కొస్తుంది. ఇవన్నీ వారంలో అలవాటయ్యాయి. అలవాటు కానిది కిటికీ. పొద్దునా సాయంత్రం ఐదేసి నిమిషాలు కిటికీలు బార్లా తీసేది అమ్మాయి. "తియ్యకపోతే గోడలకి తేమ పట్టి బూజు పడుతుందమ్మా" అనేది. రేపు ఇది బాలింత గది కదా, ఈ చలిగాలేంటని నాకు ఒకటే టెన్షన్.

ఆడపిల్ల పుట్టింది. వారంలోపే పుట్టుక నమోదు చేయించాలట. పేరు మాత్రం నెలలోగా చెప్పొచ్చని అల్లుడుగారు అంటే ప్రాణం కుదుటపడింది. బారసాల 21వ రోజునే చేసుకున్నాం.

ఇంటికొచ్చిన మర్నాడే ఒకావిడ బెల్లు కొట్టింది. "హేబమ్మె వచ్చింది" అంది అమ్మాయి. జర్మన్‌లో మంత్రసానిని అలా అంటారట. ఆ మాటలో నాకు అమ్మే వినిపించింది. మొదటి పది రోజులూ రోజూ వస్తుందట, తర్వాత 12 వారాల దాకా అవసరాన్ని బట్టి. ఖర్చు ఆరోగ్య బీమాదే. అయితే కడుపుతో ఉన్న తొలి నెలల్లోనే వెతుక్కుని మాట్లాడుకోవాలి, లేకపోతే దొరకడం కష్టం. మా అమ్మమ్మ రోజుల్లో మంత్రసాని ఇలాగే రోజూ వచ్చేదని విన్నాను. నా పురుళ్ల నాటికి మా ఇంట్లో ఆ మనిషి లేదు. ఇంత దూరం వచ్చాక ఆవిణ్ణి చూశాను.

సంచిలోంచి కొక్కెం ఉన్న చిన్న త్రాసు, ఒక గుడ్డ తీసింది. పాపని గుడ్డలో పడుకోబెట్టి, నాలుగు కొసలూ కలిపి కొక్కేనికి తగిలించి, గాల్లోకి ఎత్తింది. నా చేతులు వాటంతటవే కిందికి వెళ్లాయి. పాప ఏడవలేదు, ఉయ్యాల్లో ఉన్నట్టు అటూ ఇటూ ఊగింది. పుట్టినప్పటికంటే 200 గ్రాములు తగ్గింది. అది మామూలేనని, రెండు వారాల్లో వచ్చేస్తుందని చెప్పింది. తర్వాత అమ్మాయి పక్కన కూర్చుని, పాలు పట్టడం గురించి గంటసేపు మాట్లాడింది. తొందర లేదు, విసుగు లేదు.

స్నానం దగ్గర మాత్రం పేచీ వచ్చింది. వారానికి ఒకటి రెండు సార్లు చాలు, రోజూ పోస్తే చర్మం ఎండిపోతుందంది. నలుగు పెట్టి నీళ్లు పోయకపోతే పిల్లకి ఒళ్లెలా గట్టిపడుతుంది? కోపమొచ్చి ఆ రోజు సరిగ్గా అన్నం తినలేదు. సాంబ్రాణి సంగతి చెప్పక్కర్లేదు. గిన్నెలో కాస్త వేశానో లేదో, పైకప్పు మీద పొగ అలారం మోగి పాప అదిరిపడింది. పసిదాని ఊపిరికి ఆ పొగ మంచిది కాదందావిడ. ఆ మాట నిజమేననిపించింది, మళ్లీ వెయ్యలేదు.

బొడ్డు ఊడాక, స్నానం ఎలా పోస్తారో చూపించమంది. చిన్న స్టూలు మీద కూర్చుని కాళ్లు చాపాను. నీళ్లలో ఆవిడ థర్మామీటరు పెట్టి, 37 డిగ్రీలుందని తలూపింది. పాపని కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి, ముఖం పక్కకి తిప్పి, కొబ్బరినూనె రాసి, చెంబుతో వీపు మీద నెమ్మదిగా పోశాను. ఆవిడ నేల మీద గొంతుక్కూర్చుని నా పాదాల వైపు నుంచి చూస్తోంది. పాప ముక్కులోకి నీళ్లు పోకుండా నా అరచెయ్యి ఎలా అడ్డం పెట్టానో మళ్లీ చూపించమంది. చూపించాను. "గూట్, గూట్" అంది, బాగుంది బాగుందని.

నలుగు మానేశాను. స్నానం రోజు విడిచి రోజుకి ఇద్దరం ఒప్పుకున్నాం.

ఫిబ్రవరిలో తిరుగు ప్రయాణం. ఆ ముందు వారమంతా స్టూలు మీద అమ్మాయే కూర్చుంది. నేను పక్కన నిలబడి నీళ్లందించాను.