నా అనుభవం: 32 వోల్టుల ఫార్మ్ రేడియోని మళ్లీ పలికించడం

పాత వాల్వ్ రేడియోలు పోగుచేసేవాళ్లు కూడా 32 వోల్టుల సెట్ అనగానే వెనకాడతారు, ఎందుకంటే దాన్ని గోడకున్న ప్లగ్గులో పెడితే పాడటం మాట అటుంచి కాలిపోతుంది. నేనుండే అమెరికాలోని అయోవా రాష్ట్రంలో పాత ఫార్ముల సామాను వేలం వేసేటప్పుడు ఇవి అప్పుడప్పుడూ చవగ్గా దొరుకుతాయి. నాకు అన్నిటికంటే ఇష్టమైనవి ఇవే.

1930ల మధ్యలో అమెరికాలో సుమారు పది ఫార్ముల్లో ఒకదానికే కరెంటు లైన్ ఉండేది. కాస్త స్తోమత ఉన్న రైతులు డెల్కో-లైట్ లాంటి సొంత కరెంటు ప్లాంటు పెట్టుకునేవాళ్లు. ఇంజిను, డైనమో, పక్కన గాజు జాడీల్లో 16 లెడ్ యాసిడ్ సెల్స్, ఒక్కోటి 2 వోల్టులు, మొత్తం 32 డీసీ. బల్బులు, ఇస్త్రీపెట్టె, రేడియో అన్నీ ఆ వోల్టేజికే చేసి అమ్మారు. 1935లో రూరల్ ఎలక్ట్రిఫికేషన్ అడ్మినిస్ట్రేషన్ అనే ప్రభుత్వ సంస్థ వచ్చి మెల్లగా ఊళ్లకి లైన్లు పడ్డాక ఇవన్నీ అటకెక్కాయి.

నేను కొన్న సెట్లో 6.3 వోల్టుల ట్యూబులు (అంటే వాల్వులే) ఐదు, వాటిని వేడెక్కించే తీగలు, అంటే ఫిలమెంట్లన్నీ ఒకదాని వెనక ఒకటి సిరీస్‌లో, లెక్క వేస్తే 31.5 వోల్టులు. ఎంత పొదుపుగా ఆలోచించారో చూడండి. ఒక్కటి పోయినా అన్నీ ఆరిపోతాయి కాబట్టి ముందు మీటరుతో ఐదూ చూసుకున్నాను, అన్నీ బాగానే ఉన్నాయి.

ట్యూబులు పనిచేయాలంటే 32 కంటే చాలా ఎక్కువ వోల్టేజి కూడా కావాలి, అది తయారయ్యేది వైబ్రేటర్ సాయంతో, అసలు పని అక్కడే. లోపల ఒక రేకు కొట్టుకుంటూ డీసీని తెంపి తెంపి ట్రాన్స్‌ఫార్మర్‌కి ఇస్తే అక్కడ వోల్టేజి పెరుగుతుంది. ఏళ్ల తరబడి వాడకపోతే దాని కాంటాక్ట్ పాయింట్లకి పొర పడుతుంది. డబ్బా అంచు మెల్లగా విప్పి, సన్నటి కాగితంతో పాయింట్లు రుద్ది, లోపల పొడైపోయిన రబ్బరు తీసేసి కొత్తది చుట్టాను. ట్రాన్స్‌ఫార్మర్ అవతల ఉండే బఫర్ కండెన్సర్‌ని మాత్రం టెస్ట్ చేయకుండానే మార్చేయాలని నా అభిప్రాయం, అది షార్ట్ అయితే వైబ్రేటర్ పాయింట్లు కాలిపోతాయి, ఒక్కోసారి ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోతుంది. అదే విలువది, 1600 వోల్టులు తట్టుకునేది వేశాను. పాత ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లూ మార్చాను.

రెక్టిఫయర్ ట్యూబ్ లేదు, అంటే ఇది సింక్రోనస్ వైబ్రేటర్, ఏసీని మళ్లీ డీసీగా మార్చే పనీ అదే చేస్తుంది. ప్లస్ మైనస్ తారుమారైతే కొత్త ఎలక్ట్రోలైటిక్‌లు కూడా పోతాయి, అందుకని వైర్లకి రంగు టేపు చుట్టి రెండుసార్లు సరిచూశాను. ఇక 32 వోల్టులు ఎక్కణ్ణుంచి తేవాలంటే, 12 వోల్టుల బ్యాటరీలు మూడు కలిపితే 36 దాటుతుంది, అది వద్దు. వోల్టేజి మనమే పెంచి తగ్గించుకోగల డీసీ సప్లై వాడాను, మధ్యలో ఫ్యూజు పెట్టాను. వాల్వ్ రేడియోలకి మెల్లగా వోల్టేజి పెంచాలంటారు కానీ వైబ్రేటర్‌కి అది పనికిరాదు, తక్కువ వోల్టేజిలో రేకు కదలక పాయింట్లు అతుక్కుంటాయి. ముందు వైబ్రేటర్ తీసేసి ట్యూబులు వెలుగుతున్నాయని చూసుకుని, ఆపి, దాన్ని బిగించి ఒక్కసారే 32 ఇచ్చాను. జుయ్యిమని శబ్దం మొదలైంది. ట్యూబులు వేడెక్కాక డిమాయిన్‌లోని 1040 స్టేషన్ స్పష్టంగా వచ్చింది, ఇంట్లో అందర్నీ పిలిచి వినిపించాను.

ఇంకోమాట, 32 వోల్టులే కదా అని లోపల చెయ్యి పెట్టకండి, ట్రాన్స్‌ఫార్మర్ అవతల గట్టి షాక్ కొట్టేంత వోల్టేజి ఉంటుంది.

ఇంటి కరెంటు 110 వోల్టులకి మార్చేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు, మార్చను, ఈ వైబ్రేటర్ లేకపోతే ఇది ఫార్మ్ రేడియోనే కాదు. బలహీనమైన స్టేషన్ల దగ్గర కాస్త గరగర మిగిలింది, వైబ్రేటర్ డబ్బాకి ఎర్త్ సరిగ్గా తగలడం లేదని అనుమానం, ఈ వారాంతం అది చూడాలి.