సీటు మారినా పని పోకూడదు

విజయనగరంలో నేను చూసుకునే ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లో ఒకప్పుడు రోజూ సీట్ల గొడవే. పోయిన వారం రాసిన ప్రోగ్రాం ఏ సిస్టమ్‌లో ఉండిపోయిందో, ఈ వారం ఆ సిస్టమే కావాలి. ముందు వచ్చినవాళ్ళు కూర్చునేసేవారు. సాలూరు నుంచో, పార్వతీపురం నుంచో బస్సు దిగి పరుగున వచ్చే పిల్లలకి మిగిలిన సీటే గతి. "సార్, నా ప్రోగ్రాం ఆ సిస్టమ్‌లో ఉండిపోనాది" అని నిలబడితే నాకు చాలా బాధనిపించేది. దూరం నుంచి వచ్చేవాళ్ళకే ఎప్పుడూ నష్టం రావడం అన్యాయం కదా. అందరి ఫైళ్ళూ ఒకేచోట ఉంచే కంప్యూటర్, అంటే ఫైల్ సర్వర్, పెట్టడానికి నాకున్న అసలు కారణం అదే.

విండోస్ సర్వర్‌లో అందరి ఖాతాలనీ ఒకేచోట చూసుకునే యాక్టివ్ డైరెక్టరీ అనేది ఉంటుంది. అందులో ప్రతి విద్యార్థి ఖాతాకీ ప్రొఫైల్ అనే ట్యాబ్ ఉంటుంది. ఆ ట్యాబ్‌లో రెండు విషయాలు నింపుతాం. ఒకటి రోమింగ్ ప్రొఫైల్ దారి, అంటే ఏ సిస్టమ్‌లో కూర్చున్నా విద్యార్థి వెంట వచ్చే డెస్క్‌టాప్, సెట్టింగులు సర్వర్‌లో ఉండే చోటు. రెండోది హోమ్ ఫోల్డర్, అంటే సర్వర్‌లో ఆ విద్యార్థికి కేటాయించిన సొంత ఫోల్డర్. మేం హోమ్ ఫోల్డర్‌ని హెచ్ డ్రైవ్‌గా చూపిస్తాం. చాలామంది రోమింగ్ ప్రొఫైల్‌తో మొదలుపెడతారు. నేనైతే హోమ్ ఫోల్డర్ ముందు పెట్టమంటాను.

ఎందుకంటే రోమింగ్ ప్రొఫైల్ లాగాన్ అయినప్పుడు సర్వర్ నుంచి దిగుతుంది, లాగాఫ్ అయినప్పుడే తిరిగి పైకి వెళుతుంది. మధ్యలో కరెంటు పోతే ఆ పూట డెస్క్‌టాప్ మీద చేసినదంతా ఆ సిస్టమ్‌లోనే ఆగిపోతుంది. మన జిల్లాలో అక్టోబరు, నవంబరు వచ్చాయంటే వాయుగుండాలు, గాలివాన, కరెంటు కోతలు. పైగా బొబ్బిలి బస్సుకి టైమైపోతోందని లాగాఫ్ చేయకుండా పవర్ బటన్ నొక్కిపట్టి వెళ్ళిపోయే పిల్లలూ ఉంటారు. హెచ్ డ్రైవ్‌లో అయితే సేవ్ నొక్కగానే ఫైలు నేరుగా సర్వర్‌కి చేరుతుంది. సర్వర్‌కి యూపీఎస్ ఉంది, ల్యాబ్ సిస్టమ్‌లకి లేదు. అందుకే ఫోల్డర్ రీడైరెక్షన్ (సిస్టమ్‌లోని ఫోల్డర్‌ని సర్వర్‌లోని చోటుకి మళ్ళించే ఏర్పాటు) పెట్టి డాక్యుమెంట్స్‌ని, డెస్క్‌టాప్‌ని కూడా హోమ్ ఫోల్డర్‌లోకే మళ్ళించాను. ఇక ప్రొఫైల్‌లో మిగిలేది ఎక్కువగా సెట్టింగులే.

అనుమతుల దగ్గర మాత్రం నిదానంగా పని చేయాలి. ప్రొఫైళ్ళకో షేర్ (నెట్‌వర్క్‌లో అందరికీ అందేలా పెట్టిన సర్వర్ ఫోల్డర్), హోమ్ ఫోల్డర్లకో షేర్, రెండూ వేరువేరుగా ఉండాలి. షేర్ పేరు చివర డాలర్ గుర్తు పెడితే బ్రౌజ్ చేసేవాళ్ళకి కనబడదు. ప్రొఫైళ్ళన్నీ ఉండే పై ఫోల్డర్‌లో విద్యార్థుల గ్రూపుకి జాబితా చూడడం, కొత్త ఫోల్డర్ సృష్టించడం, ఈ రెండే ఇవ్వాలి. అది కూడా 'ఈ ఫోల్డర్ వరకే' అని ఎంచుకోవాలి. లోపలి వాటి మీద పూర్తి హక్కు క్రియేటర్ ఓనర్‌కి, అంటే ఆ ఫోల్డర్ ఎవరు సృష్టిస్తే వాళ్ళకి. ఇలా చేస్తే ఒకరి ఫోల్డర్ ఇంకొకరు తెరవలేరు. రికార్డు కాపీ కొట్టే గొడవలు కూడా చాలావరకు తగ్గాయి. ప్రొఫైళ్ళ షేర్‌కి ఆఫ్‌లైన్ క్యాషింగ్ (సర్వర్ ఫైళ్ళ నకళ్ళు సిస్టమ్‌లో దాచుకోవడం) తప్పకుండా ఆపేయండి.

ఇంకో సంగతి. రోమింగ్ ప్రొఫైల్ ఫోల్డర్ పుట్టినప్పుడు ఆ విద్యార్థికీ, విండోస్ సొంత 'సిస్టమ్' ఖాతాకీ తప్ప ఎవరికీ ప్రవేశం ఉండదు, అడ్మినిస్ట్రేటర్‌కి కూడా. అడ్మినిస్ట్రేటర్ల గ్రూపుని చేర్చే పాలసీ (అన్ని సిస్టమ్‌లకీ ఒకేచోటి నుంచి పెట్టే నియమం) ఒకటుంది. దాన్ని ల్యాబ్ కంప్యూటర్లకి వర్తింపజేయాలి, అదీ పిల్లలు మొదటిసారి లాగాన్ అవ్వకముందే. అప్పటికే పుట్టిన ఫోల్డర్లకి అది పనిచేయదు. ఫోల్డర్ పేరు చివర విండోస్ తనంతట తానే 'వీ6' అని తగిలిస్తుంది. విండోస్ 10లో 1607 వెర్షన్ నుంచి, విండోస్ 11లోనూ ఇదే. ప్రొఫైల్ దారిలో మనం అది రాయకూడదు.

ఉదయం తొలి ల్యాబ్‌లో అందరూ ఒకేసారి లాగాన్ అవుతారు. ప్రొఫైల్ బరువైతే పావుగంట తెల్లమొహాలేసుకుని చూడాల్సిందే. ప్రోగ్రాములు తమ డేటా దాచుకునే యాప్‌డేటా ఫోల్డర్‌లో లోకల్ భాగం ఎలాగూ సర్వర్‌కి వెళ్ళిరాదు కాబట్టి దాంతో బెంగ లేదు. ప్రోగ్రాములు రాసుకునే వీఎస్ కోడ్‌కి చేర్చుకునే ఎక్స్‌టెన్షన్లు, ఆండ్రాయిడ్ ప్రాజెక్టులని తయారుచేసే గ్రేడిల్ ఫోల్డర్ మాత్రం నేరుగా ప్రొఫైల్ మొదట్లోనే కూర్చుంటాయి. వాటిలో వేలకొద్దీ చిన్న చిన్న ఫైళ్ళు. 'మినహాయించే ఫోల్డర్లు' పాలసీలో ఈ రెండింటినీ రాసేశాక లాగాన్ హాయిగా అవుతోంది. హోమ్ ఫోల్డర్‌కి కోటా (ఇంతకు మించి నింపకూడదనే హద్దు) పెట్టుకోండి, లేకపోతే సినిమాలతో నిండిపోతుంది.

చివరగా షాడో కాపీలు, అంటే సర్వర్ వేళకి తీసి ఉంచే ఫైళ్ళ పాత రూపాలు. పిల్లలు పొరపాటున చెరిపేసుకున్న ఫైలుని ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, పాత వెర్షన్లలోంచి వాళ్ళే తెచ్చుకోవచ్చు. బ్యాకప్‌కి ఇది బదులు కాదు, అది వేరే డిస్క్‌లోకి తీయాల్సిందే. విండోస్ తనంతట పెట్టే షెడ్యూల్ సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఉదయం 7కి, మధ్యాహ్నం 12కి. మన కాలేజీలకి శనివారం కూడా పనిదినమే, పైగా సగం ల్యాబులు భోజనాల తర్వాతే. కాబట్టి శనివారాన్ని చేర్చి, సాయంత్రం ల్యాబ్ అయ్యే వేళకి మూడో కాపీ కూడా పెట్టుకోండి.