జనవరిలో వాన

మా పిల్లలిద్దరికీ ఇండియా అంటే డిసెంబరు, జనవరి నెలలే. మేముండే ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బడులకు పెద్ద సెలవులు అప్పుడే కాబట్టి, విజయనగరం ఎప్పుడు వెళ్ళినా వాళ్ళు చూసేది పొగమంచు, భోగిమంటలు, పిండివంటలు. ఇక పెర్త్ వాన చలికాలపు వాన. మే నుంచి ఆగస్టు దాకా చల్లగా పడుతుంది, జాకెట్ బిగించుకుని కారులోకి పరుగెత్తాలి. ఎండాకాలం మూడు నెలల్లో వాన మాటే ఉండదు. అంటే పెద్దదానికి పదకొండేళ్ళు, చిన్నాడికి ఆరేళ్ళు వచ్చినా, వెచ్చటి వానలో తడవడం ఎలా ఉంటుందో ఇద్దరికీ తెలియదు. బడి తెరిచిన మొదటివారంలో పుస్తకాల సంచీ గౌను కింద దాచుకుని ఇంటికి పరుగెత్తిన నాకు, నా పిల్లల బాల్యంలో ఆ వాన లేదన్న సంగతి కిందటి జనవరిలో మారిషస్ వెళ్ళేదాకా తట్టనేలేదు.

ఆ ఏడాది ఇండియా ప్రయాణం కుదరలేదు. మా ఆయనకు దొరికింది పది రోజుల సెలవు. పెర్త్ నుంచి మారిషస్‌కు నేరుగా విమానం ఉంది, ఎనిమిది గంటల ప్రయాణం. క్రిస్మస్, కొత్త సంవత్సరం రద్దీ తగ్గాక టికెట్ ధర, గది అద్దె రెండూ బాగా దిగుతాయి. ఎందుకు దిగుతాయో కూడా మాకు తెలుసు. జనవరి నుంచి మార్చి దాకా అక్కడ వానలు, తుఫాన్లు. ఫోన్లో చెప్పగానే అమ్మ కంగారుపడిపోయింది. "వానల్లో సముద్రం మధ్యకి ఎందుకే? అందులోనూ పిల్లల్ని పెట్టుకుని" అంది.

అమ్మ భయంలో అర్థం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు పెద్దది నా ఒళ్ళో నెలల పిల్ల. మూడు రోజులు విజయనగరానికి ఫోను కలవలేదు. పెర్త్‌లో కూర్చుని అదే నంబరు మళ్ళీ మళ్ళీ నొక్కుతూ ఏడ్చిన రోజులవి.

మేం దిగింది ఆగ్నేయ తీరంలో, మాయెబూర్ పట్నానికి దగ్గర్లో ఒక చిన్న ఊరు. ఒక ముసలి దంపతుల ఇంట్లో మేడ మీద రెండు గదులు. వానాకాలంలో వెళ్ళే వాళ్ళకి ఒకటి చెప్పాలి. సముద్రపు గాలి వచ్చేది ఆగ్నేయం నుంచి కాబట్టి ఆ తీరం, మధ్యలో ఉన్న క్యూర్‌పీప్ మెట్ట బాగా తడుస్తాయి. పడమటి తీరం, ఫ్లిక్ ఆ ఫ్లాక్ వైపు, కొండల చాటున ఉండి పొడిగా ఉంటుంది. సముద్రస్నానాలే ముఖ్యమైతే పడమర వైపు దిగండి. మేం అది తెలియక ఇటు దిగాం. ఇప్పుడు ఆలోచిస్తే అటు దిగనందుకు సంతోషంగా ఉంది.

బ్లూ బే దగ్గర అడుగున అద్దం ఉన్న పడవలో పగడాలు చూపిస్తామని పిల్లలకు మాటిచ్చాం. రెండో రోజు పొద్దున్నే పడవలు కట్టేశారని చెప్పారు. మధ్యాహ్నానికి రేడియోలో మొదటి తరగతి తుఫాను హెచ్చరిక. అక్కడ హెచ్చరికలు నాలుగు. గంటకు 120 కిలోమీటర్ల ఈదురుగాలులు రావచ్చని అనుకున్న సమయానికి 36 నుంచి 48 గంటల ముందు మొదటిది ఇస్తారు, గాలి నిజంగా ఆ వేగం అందుకున్నాక నాలుగోది. మూడోది వస్తే ఇక ఎవరూ బయట తిరగకూడదు. చిన్నప్పుడు మా ఇంట్లో రేడియో "మూడో నంబరు ప్రమాద హెచ్చరిక" అనగానే నాన్న కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు కొనడానికి వెళ్ళేవారు. మా ఆయన కూడా అలాగే దుకాణానికి వెళ్ళి బ్రెడ్డు, కొవ్వొత్తులు, నీళ్ళ సీసాలు, దోమల మందు పట్టుకొచ్చారు. ఊరు మొత్తం అదే వరసలో నిలబడి ఉందట, ఎవరి ముఖంలోనూ టెన్షన్ లేదట.

వాన మొదలైంది. అప్పటిదాకా ముఖం మాడ్చుకుని కూర్చున్న చిన్నాడు వరండా చివర నిలబడి చెయ్యి బయటికి చాపాడు. చాపి, వెంటనే వెనక్కి తీసి, అరచేయి చూసుకున్నాడు. "వేడిగా ఉంది!" అని అరిచాడు. చలివాన మాత్రమే ఎరిగిన పిల్లాడు మరి. అక్కని లాక్కుని పెరట్లోకి దిగాడు. చూరు అంచున ధార కడుతున్న నీళ్ళ కింద ఇద్దరూ తల పెట్టి నిలబడితే, నేను తువ్వాలు పట్టుకుని పిలవబోయి ఆగిపోయాను. గాలి ఇంకా లేదు, ఉరుము లేదు. తడవనీ అనుకున్నాను. నా చిన్నతనంలో ఉన్నదొకటి, ఏ క్లాసుకీ పంపకుండా, ఏ పండగ ఏర్పాటూ చెయ్యకుండా, వాళ్ళకి అందడం కళ్ళారా చూశాను.

కింది వాటాలోని పెద్దావిడ ఆ చప్పుడుకి బయటికొచ్చారు. డెబ్బై దాటిన మనిషి. పిల్లల్ని చూసి నవ్వి, లోపలికి వెళ్ళి ఒక పళ్ళెం తెచ్చారు. గాతో పిమా అంటారక్కడ. శనగపప్పు రుబ్బి, పచ్చిమిర్చి, ఉల్లికాడలు వేసి నూనెలో వేయించినవి. కొరికితే అచ్చం మన మసాలా వడ. ఆవిడ మాట్లాడేది క్రియోల్, కొంచెం ఫ్రెంచి. నాకు రెండూ రావు. మా పెద్దది బడిలో మూడేళ్ళుగా ఫ్రెంచి నేర్చుకుంటోంది. నేనెవరినని అడిగారట. "మా అమ్మ వాళ్ళది ఇండియా, తెలుగు వాళ్ళం" అని ఇది చెప్పింది. ఆవిడ పళ్ళెం కింద పెట్టి నా రెండు చేతులూ పట్టుకున్నారు. "తెలుగు. మేము తెలుగు" అన్నారు.

మారిషస్‌లో తెలుగువాళ్ళున్నారని నాకు తెలుసు. ఉగాదికి ప్రభుత్వ సెలవని, బడుల్లో తెలుగు చెబుతారని చదివాను. 1834 నుంచి 1920 దాకా చెరకు తోటల్లో పనికి ఇండియా నుంచి ఒప్పందం మీద దాదాపు అయిదు లక్షల మందిని ఓడల్లో తీసుకెళ్ళారు. అందులో మన కోస్తా వాళ్ళూ ఉన్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుతో వాళ్ళని అక్కడ కొరంగీలనేవారు. 1839లో ఉప్పెన ముంచేసిన రేవు అది. ఇదంతా చదవడం ఒక ఎత్తు, తుఫాను ముందటి వానలో ఒక ముసలావిడ నా చేతులు పట్టుకుని "అమ్మోరు, సింహాద్రి అప్పన్న" అనడం ఇంకో ఎత్తు. అమ్మోరు. మా నాయనమ్మ నోట తప్ప ఈ మధ్య నేను వినని మాట. అటు విశాఖలోనే అమ్మవారు అయిపోయింది.

ఆవిడను మామ్మగారు అని పిలవమన్నాను. తర్వాతి రెండు రోజులు పిల్లలకు పొద్దుపోయింది మామ్మగారి వంటింట్లోనే. రెండో తరగతి హెచ్చరిక దాకా వెళ్ళి తుఫాను దూరంగా మళ్ళిపోయింది గానీ, వాన మాత్రం తగ్గలేదు. కరెంటు ఒక రాత్రంతా పోయింది. కొవ్వొత్తి వెలుగులో ఆవిడ 1960 నాటి కరోల్ తుఫాను గురించి చెప్పారు. అప్పుడు ఆవిడకి ఏడెనిమిదేళ్ళట. ఇంటి రేకులు లేచిపోతే అందరూ మంచం కింద దూరారట. ఆ తుఫాను తర్వాతే ఊళ్ళన్నీ ఇలా కాంక్రీటు ఇళ్ళు కట్టుకున్నాయట. పెద్దది ఫ్రెంచిలో విని, ఇంగ్లీషులో నాకు చెప్పేది. నేను తెలుగులో అడిగింది మళ్ళీ ఫ్రెంచిలోకి మార్చేది. ఒక తెలుగు ఆడమనిషితో మాట్లాడటానికి నాకు నా కూతురి బడి ఫ్రెంచి కావాల్సి వచ్చింది.

ఇక్కడ నా కూతురి గురించి కొంచెం చెప్పాలి. ఎనిమిదేళ్ళ దాకా అది నాతో తెలుగే మాట్లాడేది. దానికి ళ పలకదు. విజయనగరంలో ఒక సంక్రాంతికి, భోగిమంట పొగ తగిలి "నా కల్లు మండుతున్నాయి" అంది. దాని ఈడు పిల్లలు విరగబడి నవ్వారు. "కల్లు తాగావా?" అని ఆ వారమంతా ఏడిపించారు. వాళ్ళ తప్పేం లేదు, పిల్లలు. కానీ నేనేం చేశాను? ఆ రాత్రి పక్కలో పడుకోబెట్టుకుని "నాలుక వెనక్కి మడిచి అను, కళ్ళు, నీళ్ళు, పెళ్ళి" అని పాఠం చెప్పాను. పెర్త్ వచ్చాక కూడా మాట మాటకీ సరిదిద్దాను. మెల్లగా దాని తెలుగు ఆగిపోయింది. నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు. వాళ్ళ అమ్మమ్మతో ఫోన్లో "హలో, బాగున్నాను, బై". మాట మరిచిపోవడం వల్ల కాదు. తప్పు పలుకుతానన్న సిగ్గు వల్ల.

మామ్మగారికి తెలిసిన తెలుగు మాటలు లెక్కపెట్టొచ్చు. దేవుడి పేర్లు, భజన పాటలు, అన్నం, చింతపండు, రా, కూర్చో, వెళ్ళొస్తాను. భజన పాటలన్నీ ఒక నోటు పుస్తకంలో ఫ్రెంచి అక్షరాల్లో రాసుకున్నారు. ఫ్రెంచిలో ఉకారం రాయాలంటే ఓ పక్కన యూ పెట్టాలి. అందుకే గోడ మీది క్యాలెండరులో ఉగాది ఓ అక్షరంతో మొదలైంది. మా చిన్నాడు దాన్ని ఇంగ్లీషులా "ఔగడి" అని చదివాడు. ఇది దేశమంతటికీ సెలవా అని పెద్దది రెండుసార్లు అడిగింది. దానికి తెలిసిన ఉగాది, పండగ దగ్గర్లో వచ్చే శనివారం, అద్దెకు తీసుకున్న హాల్లో, మూడు గంటలు.

మూడో రోజు మధ్యాహ్నం ఆవిడ పూజ చేసుకుంటూ పెద్దదాన్ని పిలిచారు. చెంబు వైపు చూపించి "నీల్లు తే" అన్నారు. అది వెళ్ళి తెచ్చిచ్చింది. ఆవిడ పాట మొదలుపెట్టి, రాముడి పేరు దగ్గర గొంతు పెంచి, కళ్ళు మూసుకుని పాడారు. ళ లేదు, ణ లేదు, ఒత్తులు సగం లేవు. గొంతులో ఎక్కడా తడబాటు లేదు.

పైకి వచ్చాక నా కూతురు ఇంగ్లీషులోనే అడిగింది. "మామ్మగారు నీల్లు అన్నారు. నాలాగే. నువ్వు ఆవిడని సరిదిద్దలేదేం?"

నా దగ్గర జవాబు లేదు. కాసేపటికి "నాకు ఆవిడ మాట వినాలనిపించింది, అందుకే" అన్నాను. "మరి నాది?" అంది. దగ్గరికి తీసుకున్నాను. తప్పు నాదేనని తెలుగులోనే చెప్పాను, దానికి అంతా అర్థమవుతుంది.

మర్నాడు వాన కాస్త తెరిపిచ్చింది. బస్సులో పోర్ట్ లూయీ వెళ్ళాం. చెరకు తోటల పనికి వచ్చిన జనం ఓడ దిగి ఎక్కిన రాతి మెట్లు రేవు పక్కన ఇప్పటికీ ఉన్నాయి. ఆప్రవాసీ ఘాట్ అంటారు, 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలమైంది. బయల్దేరే ముందు మామ్మగారు ఒక కాగితం చూపించారు. మోకా అనే ఊళ్ళోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రపరిచిన పాత రికార్డుల నుంచి తెప్పించుకున్న నకలు. వాళ్ళ ముత్తాత పేరు, ఒక నంబరు, జిల్లా దగ్గర గుమాస్తా చేతిరాతలో "విజగపటం". మా పెద్దది కూడబలుక్కుని చదివి, నా వైపు తిరిగి "వైజాగ్?" అంది. ఆ మెట్ల మీద తడి, పాచి. చిన్నాడు చెయ్యి వదిలించుకుని గుంటలో నీళ్ళు తన్నుతూ ఉన్నాడు. తిరిగొస్తూ రోడ్డు పక్కన దోల్ పూరీలు తిన్నాం. పప్పు పూర్ణం పెట్టిన పల్చటి రొట్టె, రెండేసి కలిపి కూరతో చుట్టిస్తారు. "బొబ్బట్టులో బెల్లం మర్చిపోయారు" అన్నాడు వాడు.

పడవ ఎక్కనే లేదు. పగడాలు చూడలేదు. షామరెల్ జలపాతం మాత్రం వానలకి నిండుగా దూకుతోంది, అది వానాకాలంలోనే చూడాలి. గ్రాండ్ బాసిన్ వెళ్తే మంచులో 33 మీటర్ల శివుడి విగ్రహం పాదాలు తప్ప కనబడలేదు. చిన్నపిల్లలతో వానల్లో వెళ్ళేవాళ్ళు ముందే డబ్బు కట్టే షికార్లు పెట్టుకోకండి, తిరుగు ప్రయాణం తర్వాత రెండు రోజులు చేతిలో ఉంచుకోండి. విమానాలు ఆగిపోవచ్చు. దిగే చోటు హోటల్ కాకుండా ఎవరైనా కాపురముండే ఇల్లయితే మంచిదని నేను గట్టిగా అనుకుంటున్నాను. వాన పట్టిన రోజున హోటల్లో పిల్లలకి టీవీయే గతి.

వచ్చేసే ముందు రాత్రి మళ్ళీ వాన. పెరట్లో కప్పలు అరవడం మొదలుపెట్టాయి. మా వాళ్ళు ఆ చప్పుడు ఎప్పుడూ వినలేదు, ముందు ఏదో మోటారు అనుకున్నారు. పెద్దది నా ఫోను తీసుకుని వరండా చివరికి వెళ్ళింది. నాకు వీపు పెట్టి, నెమ్మదిగా మాట్లాడింది. "అమ్మమ్మా, ఇక్కడ వాన. నీల్లు వేడి. మామ్మగారికి మన అప్పన్న తెలుసు. నేను రేపు... రేపు వెల్తాను ఇంటికి." రెండుచోట్ల ఆగింది. నేను నోరెత్తలేదు.

ఇండియాలో ఇంకా అర్ధరాత్రి కాలేదు. పది నిమిషాల్లో అమ్మ నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. పెద్దది దాన్ని చెవికి ఆనించుకుని విని, నాకూ చిన్నాడికీ వినబడేలా మళ్ళీ పెట్టింది.

"ఓసి నా తల్లే! ఎంత బాగా చెప్పావే. అదేటి, ఎనకాల కప్పలా? మన పెరట్లో అరిచినట్టే ఉన్నాయి. ఏదీ, ఇంకోపాలి వినిపించు."