రాయి తగిలే చోటుకు ఏ పూత?

నా టొయోటా టకోమా ట్రక్కుకు కొత్తగా బిగించిన రాక్ స్లైడర్లకు పౌడర్ కోటింగ్ (పొడి చల్లి ఓవెన్‌లో కాల్చే పూత) చేయించకుండా డబ్బా స్ప్రే రంగు కొట్టానని తెలిసి, ఇక్కడ మిషిగన్ రాష్ట్రం నోవైలోని మా తెలుగు మిత్రులు నన్ను పిసినారుల జాబితాలో చేర్చారు. అంత ఖరీదు పెట్టి స్లైడర్లు కొని, హార్డ్‌వేర్ దుకాణం రంగుతో సరిపెడతారా అని వాళ్ల బాధ. పొదుపు కోసం చేసిన పని కాదది. అదే ట్రక్కు వెనక బంపర్ పూతకు దానికి ఎన్నో రెట్లు ఖర్చు పెట్టాను. ఎందుకో ఇక్కడ రాసిపెడితే ప్రతి విందులోనూ మళ్లీ మొదటి నుంచి చెప్పే శ్రమ తప్పుతుంది.

స్లైడర్లంటే తలుపుల కింద, చాసిస్‌కు బిగించే ఉక్కు గొట్టాలు. ట్రక్కు పెద్ద బండ మీద కూర్చుండిపోతే బాడీ నలగకుండా ఆ బరువు అవి మోస్తాయి. రాతికి రాసుకోవడమే వాటి ఉద్యోగం. హ్యూరాన్ సరస్సులోని డ్రమండ్ ద్వీపంలో మార్బుల్‌హెడ్ దగ్గర డోలమైట్ రాతి మెట్లు ఎక్కి దిగిన స్లైడర్ అడుగున ఏ కంపెనీ పూతా మిగలదు. కాబట్టి పూత ఎన్నేళ్లు ఉంటుందని కాక, పోయాక ఏమవుతుందని, దాన్ని మళ్లీ వేయడం ఎవరి తరమని అడగాలి.

మిషిగన్‌లో ఈ ప్రశ్నకు ఎక్కడా లేనంత పదును. డెట్రాయిట్ నగరం కిందే, సుమారు 1,200 అడుగుల లోతున ఉప్పుగని ఉంది. చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. చాలా చోట్ల దానికి తోడు కాల్షియం క్లోరైడ్ ద్రావణం కూడా. అది గాలిలోని తేమను లాక్కుంటూ లోహాన్ని ఎండనివ్వదు. ట్రక్కును వెచ్చని గ్యారేజీలో పెడితే మంచిదనుకుంటారు గానీ, మంచు కరిగి ఉప్పునీరు మూలమూలలా చేరాక ఆ వెచ్చదనమే తుప్పును తొందరపెడుతుంది. 2016లో టకోమా, టుండ్రా, సెకోయా చాసిస్‌ల తుప్పు కేసులో టొయోటా 340 కోట్ల డాలర్ల దాకా విలువ కట్టిన ఒప్పందానికి వచ్చిందంటే ఇది ఎంత పెద్ద తలనొప్పో ఊహించుకోవచ్చు.

నేను పెరిగింది కాకినాడలో. ఉప్పుగాలికి కిటికీ ఊచలు పెచ్చులూడడం చూస్తూ పెరిగినదాన్ని. నాన్న ఏటా సంక్రాంతి ముందు ఊచలను ఉప్పుకాగితంతో రుద్ది రెడ్ ఆక్సైడ్ కొట్టించేవారు. ఇప్పటికీ ఫోనులో ట్రక్కు సంగతి వస్తే ఆయన మొదటి ప్రశ్న, "ఏమ్మా, ముందు రెడ్ ఆక్సైడ్ వేశావా?" ఆయన పద్ధతికి నా చదువు పెద్దగా చేర్చింది లేదు. తేడా ఒక్కటే. అక్కడ ఉప్పు గాలిలో వస్తుంది, ఇక్కడ టైరు దాన్ని గులకరాళ్లతో కలిపి విసిరికొడుతుంది.

విడిభాగాల పూతలను పరీక్షించే ల్యాబులో పని చేస్తాను కనుక ఒక మాట చనువుగా చెప్పగలను. ప్రకటనల్లో కనిపించే "వెయ్యి గంటల సాల్ట్ స్ప్రే" అన్న ముక్క చూసి మోసపోవద్దు. ఆ పరీక్షలో 5 శాతం ఉప్పునీటిని 35 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఆగకుండా పొగమంచులా చల్లుతారు. ఎండడం ఉండదు, రాయి తగలడం ఉండదు. ఒకే దుకాణంలోని రెండు పూతలను పోల్చి చూసుకోవడానికి అది పనికొస్తుంది గానీ, ఆ గంటలను సంవత్సరాలుగా మార్చే లెక్క ఏదీ లేదు. నేను నమ్మేది గ్రావెలోమీటర్‌ను. గాలి ఒత్తిడితో గులకరాళ్లను నమూనా రేకు మీదికి కొట్టే యంత్రం అది. ముందు రాళ్లతో కొట్టి, ఆ తర్వాత ఉప్పులో పెట్టి, తడి, పొడి మార్చి మార్చి చూపిస్తే పూత అసలు స్వభావం బయటపడుతుంది.

అలా చూసినప్పుడు పౌడర్ కోటింగ్ బలమూ బలహీనతా రెండూ కళ్లకు కడతాయి. పొడికి విద్యుదావేశమిచ్చి చల్లి, సుమారు 200 డిగ్రీల ఓవెన్‌లో కాలిస్తే 60 నుంచి 100 మైక్రాన్ల గట్టి పొర వస్తుంది. చిన్న గీతలను బాగా ఓర్చుకుంటుంది. కానీ ఒక్కచోట ఉక్కు దాకా తెగిందంటే ఆ అంచు నుంచి ఉప్పునీరు పొర కిందికి పాకుతుంది. పైకి నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది, గోటితో గీకితే అరచేయంత పెచ్చు ఊడి వస్తుంది. దాన్ని ఇంటి ముందు సరిచేయలేం. భాగాన్ని విప్పాలి, గరుకు రవ్వను వేగంగా కొట్టి పాత పూత తీసే బ్లాస్టింగ్ చేయించాలి, మళ్లీ ఓవెన్‌కు పంపాలి. పైగా వెల్డింగ్ మూలల్లోకి, ఇరుకు సందుల్లోకి పొడి సరిగా చేరదు. విద్యుత్ క్షేత్రం దాన్ని అంచుల వైపే లాగుతుంది. కోటింగ్ దుకాణం నుంచి వచ్చిన భాగాన్ని నేను ముందు చూసేది ఆ మూలల్నే, టార్చి పట్టుకుని.

అందుకే స్లైడర్లకు స్ప్రే రంగు. కాకపోతే దానికి ముందు చేసే పనిలో బద్ధకం పనికిరాదు. కొత్త ఉక్కు మీద మిల్లులో ఏర్పడిన నల్లటి పొర ఉంటే దాన్ని గ్రైండర్‌తో పూర్తిగా తీసేయాలి. లేకపోతే కొన్నాళ్లకు ఆ పొరే రంగును మోసుకుంటూ ఊడిపోతుంది. తర్వాత అసిటోన్‌తో తుడిచి, రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమర్, దానిపైన మెరుపు తక్కువ నలుపు. ఎపాక్సీ ఒక్కదాన్నే వదిలేస్తే ఎండకు సుద్దలా తేలిపోతుంది, పై రంగు తప్పనిసరి. రాళ్లలో తిరిగి వచ్చాక గీతలు పడ్డచోట వైర్ బ్రష్, మళ్లీ అదే వరస. మధ్యాహ్నం మొదలుపెడితే సాయంత్రం టీ వేళకు అయిపోతుంది.

బెడ్ లైనర్ పూత వేయమని సలహా ఇచ్చిన వాళ్లూ ఉన్నారు. ట్రక్కు తొట్టిలో నాకూ అదే ఉంది, అక్కడ దానికి సాటి లేదు. స్లైడర్ మీద మాత్రం వద్దంటాను. ఆ మందపు గరుకు పొర, పుండు మీద విప్పి చూడని కట్టు లాంటిది. కింద ఏం జరుగుతోందో పైకి తెలియదు.

ఇక ఖరీదైన బంపర్ సంగతి. అది రాతికి రాసుకోవడం అరుదు, కానీ వెనక టైర్లు చిమ్మే ఉప్పూ కంకరా అంతా దాని లోపలి వైపే తగులుతాయి. దాన్ని ముందు గాల్వనైజింగ్ చేయించి, పైన పౌడర్ వేయించాను. 450 డిగ్రీల దగ్గర కరిగిన జింకులో ముంచితే జింకు ఉక్కుతో కలిసిపోయి అతుక్కుంటుంది. పైపొర గులకరాయికి చిట్లినా జింకు తాను ముందు తుప్పుకు బలవుతూ ఉక్కును కాపాడుతుంది. ఇదంతా చేయగలిగింది బంపర్ వెనకవైపు తెరిచి ఉండబట్టి. రెండు చివరలూ మూసిన గొట్టాన్ని జింకు తొట్టిలో ముంచితే లోపలి తేమ ఆవిరై గొట్టం పేలిపోగలదు. రంధ్రాలు లేనిదే ఏ దుకాణమూ తీసుకోదు, తీసుకోకూడదు కూడా. అలా మూసిన గొట్టాలైన స్లైడర్లకు రంధ్రాలు పెట్టి బురదనీటిని నేనే లోపలికి పిలవడం నాకు ఇష్టం లేదు. మరొక జాగ్రత్త: జింకు మీద పౌడర్ కాల్చేటప్పుడు లోపలి వాయువులు బయటికొచ్చి సూదిమొన బెజ్జాలు పడతాయి. ముందు భాగాన్ని ఖాళీగా వేడి చేసి ఆ తర్వాత పొడి చల్లే దుకాణాన్నే ఎంచుకోవాలి. "గాల్వనైజ్ చేసిన వాటి మీద మీరు ఎలా వేస్తారు?" అని అడిగి జవాబు వినండి. తడబడితే మరో దుకాణం చూసుకోండి.

బోల్టుల దగ్గర చాలామంది మెరుపు చూసి మోసపోతారు. 10.9, 12.9 గ్రేడు బోల్టులను, అంటే బాగా గట్టి ఉక్కువాటిని, ఊరూ పేరూ లేని దుకాణంలో జింకు ప్లేటింగ్‌కు ఇవ్వకండి. ఆమ్లంలో కడిగినప్పుడు, ప్లేటింగ్ చేసినప్పుడు హైడ్రోజన్ ఉక్కులోకి చొరబడుతుంది. వెంటనే ఓవెన్‌లో గంటల తరబడి వేడి చేసి దాన్ని తరిమేయకపోతే, బిగించిన కొన్నాళ్లకు బోల్టు తల హఠాత్తుగా తెగిపడవచ్చు. నేను జింక్ ఫ్లేక్ పూత వేసినవి కొంటాను. అందులో విద్యుత్ ప్లేటింగే ఉండదు. చూడ్డానికి బూడిదరంగులో దిగాలుగా ఉంటాయి, ఉండనీ.

ట్రక్కు అడుగును రాళ్ల నుంచి కాపాడే అల్యూమినియం స్కిడ్ ప్లేటుకు అసలు పూతే వేయలేదు. దాని ఆక్సైడ్ పొరే దానికి చాలు. ఉక్కు బోల్టు ఆనే చోట మాత్రం ఉప్పునీరు చేరితే అల్యూమినియాన్ని తినేసి తెల్లటి చిలుము తేలుస్తుంది, కనుక మధ్యలో ప్లాస్టిక్ వాషర్లు పెట్టాను.

చాసిస్ లోపలికి ఏ రంగూ సరిగా చేరదు. అక్కడ లానోలిన్ నూనె, అంటే గొర్రె ఉన్ని జిడ్డు నుంచి తీసినది. అన్ని వైపులకూ చిమ్మే సన్నటి పొడవాటి గొట్టంతో, ఉప్పు చల్లడం మొదలయ్యే ముందు, అక్టోబరులో వానలేని వారం చూసి కొడతాను. వాసన కొన్నాళ్లు ఉంటుంది, పక్కింటివాళ్లకు ముందే చెప్పి ఉంచుతాను. కొట్టే ముందు చాసిస్ అడుగున నీరు కారే రంధ్రాలన్నీ పుల్లతో పొడిచి తెరవాలి. వాటిలో బురద గడ్డకట్టి ఉంటే నీరు లోపలే నిలుస్తుంది, నూనె దాన్ని బయటికి పంపలేదు.