తీర్మానం పుస్తకం

ఇవాళ పొదుపు సంఘం మీటింగ్ నుంచి వచ్చాక అన్నం సహించలేదు.

మా సంఘంలో పదకొండు మందిమి. లెక్కలు, తీర్మానాలు రాసేది నేనే. టిఫిన్ బండి బాగు చేయించుకోవాలని వీధి చివరి పిన్ని 15,000 అప్పు అడిగింది. "పోయినసారి కిస్తీలు సరిగ్గా కట్టలేదు కదా, ఇప్పుడొద్దులే" అంది లీడరు. ఒకరి తర్వాత ఒకరు "అవునవును" అన్నారు. పుస్తకం నా ఒళ్లోనే ఉంది. పిన్ని పేజీలో పది కిస్తీలూ జమ అయ్యాయి. ఒక్క నెల ఆలస్యమైతే దానికీ వడ్డీ కట్టింది. ఆ గడి మీదే నా వేలుంది. నా వంతు వచ్చేసరికి "సరే" అన్నాను. తీర్మానం రాసి అందరిచేతా సంతకాలు పెట్టించాను. "మీరందరూ అలాగంటే నేనేటంటానమ్మా" అని పిన్ని కూడా పెట్టేసింది.

బి.ఎడ్.లో చదువుకున్న, సోలమన్ యాష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగం రాత్రంతా బుర్రలో తిరుగుతోంది. 1950ల్లో అమెరికాలో కాలేజీ కుర్రాళ్లకి ఒక గీత చూపించి, పక్కనున్న మూడింటిలో దానంత పొడవున్నది ఏదని అడిగాడు. ఒంటరిగా ఉన్నప్పుడు దాదాపు ఎవరూ తప్పు చెప్పలేదు. గదిలో మిగతావాళ్లు, ముందే కూడబలుక్కుని, తప్పు చెప్పినప్పుడు మాత్రం నలుగురిలో ముగ్గురు ఒక్కసారైనా ఆ తప్పే చెప్పారు. కొందరు తమ కళ్లనే అనుమానించారు. కొందరు తెలిసే, నలుగురిలో వేరుగా కనబడలేక చెప్పారు.

నా కళ్లు బాగానే ఉన్నాయి. రేపు పాప ఫీజుకి నేనూ ఆ సంఘంలోనే అప్పు అడగాలి. లీడరు ముఖం చూశాక నాకు గుర్తొచ్చింది అదే.

తిరిగొస్తుంటే మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర పక్కింటి అక్క ఆగింది. "నాకూ అన్యాయమే అనిపించిందే. లెక్కలు రాసేదానివి నువ్వే ఏం అనలేదని ఊరుకున్నాను" అంది. నా నోట మాట రాలేదు. ఆవిడ నన్ను చూసి, నేను లీడర్ని చూసి, ఇంకా ఎంతమంది ఎవరెవర్ని చూసి ఊరుకున్నారో! యాష్ గదిలో పక్కన ఒక్కడు నిజం చెప్పినా, గుంపు వెంట పోవడం నాలుగో వంతుకి పడిపోయింది.

"వచ్చే మీటింగ్‌లో పిన్ని పేజీ గట్టిగా చదువుతాను అక్కా" అన్నాను.

"నువ్వు మొదలెట్టు, నేనందుకుంటాను" అంది.

పొద్దున్నే పిన్ని బండి దగ్గరికెళ్లి ఈ మాట చెప్పాలి.