ఎక్స్ క్లాస్ కాదు, బీజెడ్ చూడండి

ఎక్స్ క్లాస్ (అన్నిటికంటే శక్తిమంతమైన తరగతి) సౌరజ్వాల అనగానే మన బెంగళూరు తెలుగు గ్రూపుల్లో ఫోన్లు ఆపేయమని మెసేజ్‌లు. అక్కర్లేదండీ. జ్వాల వెలుగు 8 నిమిషాల్లో చేరుతుంది, పగలున్న వైపు షార్ట్‌వేవ్ రేడియో కాసేపు మూగబోతుంది.

అసలు సంగతి సూర్యుడు విసిరితే 1-3 రోజులకు వచ్చే ప్లాస్మా (విద్యుదావేశ కణాల) మేఘానిది. దాని అయస్కాంత క్షేత్రం దక్షిణానికి వాలాలి. ఆ ఉత్తర-దక్షిణ వాలు కొలతే బీజెడ్, మైనస్ అంటే దక్షిణం. అది మైనస్ 10 నానోటెస్లా దాటి గంటల తరబడి అక్కడే ఉంటే భూ అయస్కాంత తుఫానే. ప్లస్‌లో ఉంటే పెద్ద మేఘమూ చాలావరకు పక్కకు జారిపోతుంది.

కోరమంగళ ఐఐఏ (భారత ఖగోళ భౌతిక సంస్థ) వాళ్లు ఇస్రో సౌర నౌక ఆదిత్య-ఎల్1కి చేసిచ్చిన కరోనాగ్రాఫ్‌కి, అంటే సూర్యబింబాన్ని కప్పి చుట్టూ ఉన్నది చూసే పరికరానికి (ఎంత ముచ్చటైన పనితనమో!) మేఘం బయల్దేరడం కనిపిస్తుంది, బీజెడ్ కనిపించదు. మేఘం సూర్యుడి వైపు మనకు 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని ఎల్1 బిందువుని తాకాకే అది తెలిసేది. అప్పటికి మిగిలేది గంటలోపే.

సర్వే చేసేవాళ్లూ, తుఫాను పై వాతావరణాన్ని కలచి జీపీఎస్ లెక్క తప్పిస్తుంది; అది వచ్చిన సాయంత్రం సింగిల్ ఫ్రీక్వెన్సీ (ఒకే తరంగం అందుకునే) జీపీఎస్ నమ్ముకుని హద్దురాళ్లు పాతకండి.