పసుపు మీటర్ విప్పిన ఆదివారం

రాత్రి 9:30.

పొద్దున టిఫిన్ అయ్యాక అన్నయ్య కొడుకు వచ్చాడు, చేతిలో కొత్త మల్టీమీటర్‌తో, అదే వోల్టులూ కరెంటూ కొలిచే మీటర్. నిన్న కోఠీ గుజరాతీ గల్లీలో 250 రూపాయలకు కొన్నాడట. వాడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సులో చేరి రెండు నెలలైంది. "చిన్నాన్నా, దీని మీద క్యాట్ త్రీ 600 వోల్ట్స్ అని రాసుంది. మా అపార్ట్‌మెంట్ మెయిన్ బోర్డు చూడొచ్చు కదా?" అన్నాడు. క్యాట్ త్రీ అంటే మెయిన్ బోర్డు లాంటి చోట్ల వాడినా భద్రమే అని చెప్పే గుర్తు. ఆ మాట వినగానే నాకు టెన్షన్ పట్టుకుంది.

ముందు కొలతలు సరిచూశాం. ఒకే బ్యాటరీకి నా పాత మీటర్ 9.42 వోల్టులు చూపిస్తే, వాడిది 9.45 చూపింది. రెసిస్టర్లు కూడా దగ్గరదగ్గరగానే వచ్చాయి. అందులో వంక పెట్టడానికేం లేదు.

ప్రోబ్‌లు, అంటే కొలిచే వైర్లు, పీకేసి వెనక స్క్రూలు విప్పాం. ఫ్యూజు కనిపించింది, వేలి గోరంత సన్నటి గాజు గొట్టం. మంచి మీటర్లలో లావుపాటి సిరామిక్ ఫ్యూజు ఉంటుంది, దాని నిండా ఇసుక. ఫ్యూజు తెగినప్పుడు లేచే మంటని ఆ ఇసుక ఆర్పేస్తుంది. ఈ గాజుది మెయిన్ బోర్డు దగ్గర షార్ట్ అయితే చేతిలోనే పగలొచ్చు.

అంతకంటే భయపెట్టింది 10 ఆంపియర్ల రంధ్రం, ఎక్కువ కరెంట్ కొలవడానికి ఎర్ర వైరు గుచ్చేది. అక్కడి నుంచి కామన్ (నల్ల వైరు గుచ్చే రంధ్రం) దాకా వంచి పెట్టిన లావు తీగ ఒక్కటే, మధ్యలో ఫ్యూజే లేదు. పైన చిన్న అక్షరాల్లో 'అన్‌ఫ్యూజ్డ్' అని వాళ్ళే రాశారు కూడా. కరెంట్ కొలిచి, ఎర్ర వైరు అక్కడే మరిచిపోయి 230 వోల్టుల ప్లగ్గులో ప్రోబ్‌లు పెడితే ఫేజ్‌నీ న్యూట్రల్‌నీ నేరుగా కలిపినట్టే. డయల్ వోల్టుల మీద ఉన్నా సరే, తేడా ఉండదు. అది వాడికి తీగ మీద వేలు పెట్టించి చూపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు.

క్యాట్ త్రీ 600 అని రాయాలంటే 6000 వోల్టుల సర్జ్, అంటే హఠాత్తుగా ఎగిసే వోల్టేజీ, క్షణంపాటు వచ్చినా మీటర్ తట్టుకోవాలి. లిఫ్ట్ మోటార్ ఆగినా, పిడుగు పడినా లైన్లో అలాంటి కుదుపులు వస్తాయి. ఇందులో ఆ సర్జ్‌ని మింగే భాగం ఒక్కటీ లేదు. ఒక రంధ్రం నుంచి ఇంకోదానికి కరెంట్ దూకకుండా, వాటి మధ్య లోపలి సర్క్యూట్ బోర్డుకి గాటు కూడా పెట్టలేదు. అంత మాట అచ్చువేసి పిల్లల చేతిలో పెట్టడం నాకు అన్యాయంగా తోచింది. ప్రోబ్ కొనలు కూడా బారెడు పొడవు. దగ్గరదగ్గరగా ఉన్న రెండు స్క్రూలకు ఒకేసారి తగిలేంత. వాటికి స్లీవ్ తొడిగి, కొస మాత్రం బయటికి ఉంచాను.

పారేయమనలేదు. బ్యాటరీలు, ఎల్‌ఈడీలు, తీగలో కంటిన్యుటీ (ఎక్కడా తెగలేదని చూడటం), వీటికి భేషుగ్గా పనికొస్తుంది. 10 ఆంపియర్ల రంధ్రంలో ఎం-సీల్ కూరాం. వాడే మార్కర్‌తో మీటర్ వెనక "24 వోల్టుల లోపే" అని రాసుకున్నాడు.

"మరి మెయిన్ బోర్డు?" అన్నాడు వెళ్ళేముందు.

"బుధవారం నా మీటర్ తీసుకుని నేనే వస్తా. అప్పటిదాకా మూత తీయకు నాన్నా."